మెల్లగా దిగాల్సిన ఉప్పు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, నా బిడ్డ కెజియా బతుకుతుంది, కళ్లు తెరుస్తుంది, నా ముఖంలోకి చూస్తుంది, నేనెవరో దానికి తెలియదు. చావంటే భయం లేదా అంటే ఉంది, లేకుండా ఎట్లా ఉంటుంది, కానీ ఆ భయానికి మా చర్చిలో పాటలున్నాయి, పట్టుకుని ఏడవడానికి చుట్టాల భుజాలున్నాయి. ఈ భయానికి ఏమీ లేదు. కాళ్లూ చేతులూ ఉండి, అన్నం పెడితే మింగుతూ, అమ్మ ఏదో గోడ ఏదో తెలియని బిడ్డను ఒళ్లో పెట్టుకుని బతుకంతా కూర్చోవడానికి ఏ పాటా లేదు. సౌందర్య సిస్టర్ ఇప్పుడే దాని కాలి నుంచి రక్తం తీసి, చిన్న సీసాలో పోసి కింద ల్యాబుకు పంపింది. చెయ్యిలో ఇంకో నరం దొరకలేదు. దొరికిన ఒక్క నరంలో సెలైన్ పోతోంది. గంటలో రిపోర్టు వస్తుందన్నారు. నేను ఐసీయూ అద్దాల తలుపుకు ఎదురుగా, ఇనుప కుర్చీలో, ఆ గంటకు ఈ చివరన కూర్చున్నాను. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి చల్లగాలి వచ్చి నా పాదాలకు తగులుతుంది, వెంటనే ఆగిపోతుంది. బయట నిజామాబాద్ ఎండ కిటికీ అద్దాన్ని కాల్చేస్తోంది. ఖలీల్‌వాడి సందుల్లో ఆటోల హారన్లు, మందుల షాపు ముందు ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఇంత ఎండలో తిట్టడానికి ఓపిక ఎక్కడిదో వాళ్లకు.

ఒంట్లో ఉప్పు ఎక్కువైంది, అంతే జబ్బు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది, సిగ్గులేకుండా చెప్తున్నాను. ఉప్పే కదా, కూరలో ఎక్కువైతే నీళ్లు పోస్తాం, బంగాళాదుంప వేస్తాం. నీళ్లు పట్టించండి మేడం, ఎన్ని కావాలంటే అన్ని పట్టిస్తాను అన్నాను. డాక్టరు సుమేరా మేడం నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చిన్న మనిషి, నా కంటే రెండు మూడేళ్లే పెద్దదేమో, కళ్లద్దాల కింద నిద్రలేని ముఖం. "తొందర నక్కో సువర్ణా. తొందర జేస్తేనే పాప ఖరాబైతది" అంది. ఉప్పులో ఊరేసిన నిమ్మకాయ ముక్కను చూశావా అని అడిగింది. ముడుచుకుపోయి ఉంటుంది కదా, పాప మెదడు ఇప్పుడు అట్లా ఉంది, ఆ ఉప్పుకు అది అలవాటు పడి కూర్చుంది, ఇప్పుడు ఒక్కసారే నీళ్లు పోస్తే ఉబ్బుతుంది, పుర్రె లోపల ఉబ్బడానికి చోటెక్కడిది అంది. అందుకే మెల్లగా దించాలి. వచ్చినప్పుడు నూట డెబ్బై మూడు ఉందట, నూట నలభై అయిదుకు రావాలట, రోజుకు పదికి మించి దిగకూడదట. ఉప్పు ఎక్కువైన పిల్లకు వాళ్లు ఎక్కిస్తున్న సీసాలో కూడా ఉప్పుంది. అది చూసి నేను అరిచినంత పని చేశాను. ఉత్త నీళ్లు ఎక్కిస్తే మెట్లన్నీ ఒక్కసారే దొర్లి పడినట్టు పడిపోతుంది, ఉప్పుకు ఉప్పునే కర్రగా ఇచ్చి దించాలి అని సిస్టర్ చెప్పింది. సూది మందు కలిపే నీళ్లలో ఉప్పు, గొట్టం మూసుకుపోకుండా కడిగే నీళ్లలో ఉప్పు, ప్రతిదీ లెక్కలోకే. నేను పదో తరగతి సగంలో బడి మానేశాను, పసుపు యార్డులో అమ్మ నడుము పట్టేసిన ఏడాది. మానేసే ముందు రోజు సైన్సు సారు ఒక గిన్నెలో నీళ్లు పోసి ఎండుద్రాక్ష పళ్లు వేశాడు, రేపు పొద్దున చూడండి ఏమవుతాయో అన్నాడు. ఆ రేపు నేను బడికి పోలేదు, అమ్మ బదులు పసుపు కొమ్ములు ఏరడానికి పోయాను. పక్కింటి పిల్లను అడిగితే ఉబ్బినయే, ఏమున్నది దాంట్ల అంది.

ఇంకా వంద ప్రశ్నలు అడగాలనిపిస్తుంది, అడిగితే చదువు లేనిదని తెలిసిపోతుందని ఊరుకుంటాను. తెలిస్తే ఏమవుతుంది. ఏమీ కాదు. అయినా ఊరుకుంటాను.

పక్క కుర్చీలో ఖైరున్నిసా బీ తస్‌బీ పూసలు తిప్పుతూ తిప్పుతూ ఆగి నన్ను చూస్తుంది, మళ్లీ తిప్పుతుంది. బోధన్ ఆమెది, ఆమె భర్త గడియారాలు బాగుచేసే గులాం సాబు. పెద్దవాళ్ల ఐసీయూ కూడా ఇదే అంతస్తులో ఉంది. ఆయనకు ఒంట్లో ఉప్పు తగ్గిపోయిందట, నీళ్లు ఎక్కువయ్యాయట, అందుకని నీళ్లు బందు పెట్టారు. "మీ పాపకు నమక్ ఎక్కువైంది, మా ఆయనకు తక్కువైంది. అల్లా ఒక్క చెంచా ఇటుకెళ్లి అటు ఏస్తే అయిపోవు గద బేటీ" అంది మొన్న. నాకు నవ్వు వచ్చింది, నవ్వినందుకు ఏడుపు వచ్చింది. ఆమె నా వీపు మీద కొట్టి, "నవ్వు, నవ్వితే పాపం కాదు. నలభై ఏండ్ల సంది ఉప్పెక్కువైందని నా మీద గిన్నెలు ఇసిరిండు, ఇప్పుడు ఉప్పు తక్కువై మంచమెక్కిండు. నేను నవ్వుతలేనా?" అంది. లోపలికి పోయినప్పుడల్లా ఆయన నీళ్లు అడుగుతాడట. ఒక్క గుటక ఇస్తే బోధన్ ఇల్లు నీ పేరు మీద రాస్తా అంటాడట. "ఆ ఇల్లు మా అమ్మ ఇచ్చిందే" అని ఆమె మళ్లీ పూసలు తిప్పుతుంది. పెదవులు కదులుతుంటాయి కానీ కళ్లు తలుపు మీదే. ఆయన అడగగలుగుతున్నాడు, అదృష్టవంతురాలు. కెజియా అడగదు. దాని పెదవులు ఎండి చెక్కు కట్టాయి, సిస్టర్ తడి దూదితో తుడుస్తుంది, అప్పుడు నాలుక కొంచెం బయటికి వస్తుంది. ఆ నాలుక వచ్చినప్పుడు నా ప్రాణం దానితోపాటు బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతుంది. ఆ దూదిలో ఎంత నీళ్లున్నాయో అది కూడా లెక్కేనా, అడగలేదు.

పాలు వచ్చేస్తున్నాయి. జాకెట్టు తడిసింది, కొంగు చుట్టుకుని కూర్చున్నాను. ఏడాది దాటింది కాబట్టి పగలు అన్నం, పప్పు తింటుంది, రాత్రి మాత్రం నా దగ్గరే తాగేది. పాలు ఇవ్వవచ్చా అని అడిగితే, ముక్కులోంచి వేసిన గొట్టంలో కొంచెం ఇస్తాం, అది కూడా నీళ్ల లెక్కే, మేము చెప్పినంతే పిండి ఇవ్వు అన్నారు. నేను గిన్నెడు పిండుతాను, వాళ్లు సూది గొట్టంలో ఇంత తీసుకుంటారు, మిగిలింది నేను వాష్ బేసిన్‌లో పోస్తాను. తెల్లగా పోయి జాలీలో దిగిపోతుంది. అక్కడ నిలబడి కుళాయి తిప్పుతాను, నీళ్లు ధారగా పడతాయి, ఎన్నైనా పడతాయి, ఎవరూ లెక్క పెట్టరు. నేను పనిచేసే బోధన్ బట్టల షాపులో ఉన్నప్పుడు కూడా మధ్యాహ్నం ఇట్లాగే తడిసేది. ధర్మాబాద్ నుంచి వచ్చిన ఆడవాళ్లు మరాఠీలో రంగు పోతుందా అని అడుగుతుంటే, చీర మడతలు నా గుండెలకు అడ్డం పెట్టుకుని, పోదు తాయీ, పోదు అనేదాన్ని. అదే సమయానికి మా ఊరు మోస్రాలో మా అత్తమ్మ శారమ్మ కెజియాను మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ ఉండేది. పొద్దున బస్సెక్కితే చీకటి పడే వేళకు నేను ఇంటికి వచ్చేదాన్ని. దానికి పళ్లు వచ్చింది ఆమె చూసింది, నాకు చెప్పింది. అది గోడ పట్టుకుని నిలబడింది ఆమె చూసింది, నాకు చెప్పింది. మా ఆయన రాజ్ కిరణ్ వాళ్లమ్మను అవ్వా అని పిలుస్తాడు, అది విని కెజియా కూడా ఆమెను అవ్వ అంటుంది. దానికి వచ్చిన మొదటి మాట అదే. నేను వెళ్లి అమ్మ అను, అమ్మ అను అంటే నా ముఖం చూసి, నా వెనక ఉన్న ఆమెను చూసి, అవ్వ అని నవ్వేది. అత్తమ్మ సిగ్గుపడేది. "పిచ్చి పిల్ల, ఎదురుంగ అమ్మను పెట్టుకొని గట్లంటదా" అని మందలించి, మందలిస్తూనే ముద్దు పెట్టుకునేది. ఆ ముద్దు చూసినప్పుడు నాకు ఎట్లా ఉండేదో అది ఇక్కడ ఎందుకు.

అత్తమ్మ చేతుల గురించి చెప్పాలి. చిన్నప్పటి నుంచి బెల్లం గానుగల దగ్గర పనిచేసిన చేతులు. మామ హనోకు పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసేవాడట, ఈమె పెనం దగ్గర పాకం తిప్పేది. మామ పోయాక కూడా ఆ పని మానలేదు, మోకాళ్లు ఒప్పుకున్నంత వరకు. ఆమె దగ్గర కూర్చుంటే ఎప్పుడూ ఒకటే కథ: రసం పెనంలో పోసినప్పుడు నీళ్లలాగే ఉంటుంది, దానికి విలువ లేదు, పొద్దుకల్లా పులుస్తుంది, ఈగలు తాగుతాయి. మరిగించి మరిగించి, మడ్డి తీసి, చిక్కపరిస్తేనే అది బెల్లం. పలుచటి పాకం అచ్చులో నిలవదు, పలుచగా దించిన వాడిని గానుగ దగ్గర నవ్వులాటకు పెట్టుకునేవాళ్లట. అందుకే మా ఇంట్లో పప్పు చిక్కగా, అంబలి చిక్కగా, చాయ్ కూడా చెంచా నిలబడేంత చిక్కగా. పలుచగా ఉన్నది దేన్నైనా ఆమె నీళ్లు అంటుంది, అంటూ ముఖం అటు తిప్పుకుంటుంది. పెళ్లయిన కొత్తలో నేను చేసిన చారు చూసి, "గిది చారా, చేతులు కడుక్కునే నీళ్లా?" అని అడిగింది, వీధి వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను.

కెజియాకు విరేచనాలు పట్టుకున్న రోజు ఊళ్లో ఆశా కార్యకర్తగా పనిచేసే ఈరవ్వక్క వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చింది. లీటరు నీళ్లలో కలపమని చెప్పిందట, చెప్పే ఉంటుంది, ఆమె అందరికీ చెప్తుంది. అత్తమ్మ విన్నది కూడా. కానీ లీటరు నీళ్లంటే పెద్ద సీసా నిండా, ఇంత పిల్ల అంత ఎప్పుడు తాగుతుంది, తాగకపోతే మందంతా సీసాలోనే ఉండిపోతుంది కదా అనుకుంది. పిల్ల తాగేది చిన్న స్టీలు గ్లాసెడు. మందు మొత్తం పిల్ల కడుపులోకి పోవాలంటే మొత్తం ప్యాకెట్ ఆ గ్లాసులోనే వేయాలి. ఎంత ఆలోచించినా నాకు ఆమె లెక్కలో తప్పు దొరకదు, అదే నన్ను చంపుతోంది. పిల్ల మీద ప్రేమ ఉన్నవాళ్లే వేసే లెక్క అది. ఆ గ్లాసు తాగాక కెజియాకు ఇంకా దాహం వేసింది. వేయదా మరి. అది గ్లాసును రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగుతుంటే, ఆ రాత్రి నేను ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ ఎంత సంబరపడిందో. "సూడు సువర్ణా, ఎంత మంచిగ తాగుతుందో. మందు పడ్డది. ఇంక బుగులు లేదు" అంది. నేను కూడా చూశాను, గ్లాసు అంచుకు తెల్లగా పొడి అంటుకుని ఉంది, నేను కూడా సంబరపడ్డాను. పిల్ల నీళ్లు అడిగినప్పుడల్లా ఇంకో ప్యాకెట్. ఉత్త నీళ్లలో బలం లేదు కదా. మర్నాడు షాపుకు పోయాను. తర్వాతి పొద్దున దాని ఏడుపు మారింది, పిల్లి పిల్ల ఏడ్చినట్టు సన్నగా. ఒళ్లు కాలిపోతోంది, పొట్ట మీద చర్మం పట్టుకుంటే గోధుమపిండి ముద్ద పట్టుకున్నట్టు మెత్తగా ఉండిపోయింది. బోధన్ చేరేలోపు కళ్లు తేలేసి ఫిట్స్‌తో కొట్టుకుంది. అక్కడి నుంచి అంబులెన్స్‌లో ఇక్కడికి. దారి పొడవునా అటూ ఇటూ కోసేసిన చెరకు మోళ్లు, ఎక్కడో ఆకు తగలబెట్టిన వాసన. అత్తమ్మ దాని తల పట్టుకుని ఒకటే మాట, దావీదు కుమారుడా కరుణించు, దావీదు కుమారుడా కరుణించు. డ్రైవరు కూడా గొణుగుతున్నాడు ఆ మాట.

ఆ తర్వాతి సంగతి నాకు గుర్తు చేసుకోవాలని లేదు, కానీ తలుపు మూసి ఉన్నంతసేపూ అదే వస్తుంది. సుమేరా మేడం మొదటి రిపోర్టు చూసి బయటికి వచ్చి, ఇంట్లో ఏం తాగించారు అని అడిగింది. మేము ముగ్గురం, నేను, అత్తమ్మ, రాజ్ కిరణ్, నిలబడి ఉన్నాం. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ముందుకు వచ్చింది. అది మంచి జవాబు అనుకుంది ఆమె.

"ఓఆర్ఎస్ తాపిన మేడం. నేనే కలిపిన, నా చేతులతోని."

"ఎన్ని నీళ్లల్ల?"

"గింత గిలాసల" అని చెయ్యి చూపించింది. వేళ్లు గ్లాసు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. "ప్యాకెట్ మొత్తం ఏసిన. సగం ఏసి సగం దాసుకుంటమా పిల్లకు? మంచిగ చిక్కగ తాపిన."

మేడం ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మెల్లగా, తప్పు మీది కాదమ్మా, ఎవరూ మీకు గ్లాసు చూపించి చెప్పలేదు అని ఉప్పు సంగతి మొత్తం చెప్పింది. అత్తమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు, ఆ సగంతోనే అడిగింది, "ఎక్కువైతే బలమే గద మేడం?" అని. అప్పుడు రాజ్ కిరణ్ నోరు తెరిచాడు. వరికోత మిషన్ తోలే మనిషి, నెలల తరబడి ఊళ్లు తిరిగి వచ్చిన మనిషి, ఎప్పుడూ వాళ్లమ్మ ముందు గొంతు పెంచింది నేను చూడలేదు. పెంచలేదు ఇప్పుడు కూడా. "అవ్వా, ఇంక నా బిడ్డకు నీ ముఖం సూపియ్యకు" అన్నాడు. అంతే. కారిడార్‌లో ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు, మేము పక్కకు జరిగాం, ఆమె కూడా జరిగింది. తర్వాత నన్ను లోపలికి పిలిచారు, సంతకాలు అడిగారు. నేను బయటికి వచ్చేసరికి కుర్చీ మీద ఆమె టిఫిన్ సంచి మాత్రం ఉంది. బోధన్ బస్సు ఎక్కిందని గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు. ముసలామె రోడ్డు దాటలేకపోతుంటే తనే దాటించాడట.

ఈ పొద్దున శంకరమ్మ ఫోన్ చేసింది, మోస్రాలో మా పక్కిల్లు. వెనకాల డప్పుల చప్పుడు, వాళ్లు పెళ్లికి నాందేడ్ దిక్కు పోతున్నారట, వ్యాను ఎక్కేముందు చేసింది. "మీ అత్త లోపట గడె పెట్టుకున్నది బిడ్డా. కిటికీలకెళ్లి సూసిన, మోకాళ్ల మీద ఉన్నది. అన్నం పెట్టుకొని పోతే తలకాయ ఊపింది, వద్దని. ఉపాస ప్రార్థనట. నీళ్లు గూడ ముడుతలేదు" అంది. నీళ్లు కూడానా అని అడిగాను. "పిల్లకు నీళ్లిస్తలేరట గద, పిల్ల తాగేదాంక నేను తాగ అన్నది. నేను జెప్తే ఇనేటట్టు ఉన్నదా? నువ్వన్న జెప్పు." చెప్పడానికి ఆమె ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. ఇప్పుడైతే మోగడం కూడా లేదు. రేకుల ఇల్లు మాది, ఈ ఎండలో రేకుల కింద పొయ్యి మీద కూర్చున్నట్టే. ఆమె బీపీ గోలీలు వేసుకునే మనిషి. ఉపవాస ప్రార్థన మా వాళ్లలో కొత్త కాదు, శుక్రవారాలు చర్చిలో అందరం కూర్చుంటాం, సాయంత్రం షర్బత్ తాగి లేస్తాం. ఇది అది కాదు. పిల్లకు నీళ్లు ఇవ్వకపోవడం శిక్ష అనుకుంది ఆమె. శిక్ష కాదత్తమ్మా, మందు, చుక్క చుక్క చొప్పున ఇస్తున్నారు అని ఎవరు చెప్పాలి ఆమెకు. నేను ఈ కుర్చీ వదిలిపెట్టి పోతే తలుపు తెరిచి పిలిచేటప్పుడు ఎవరుంటారు. ఒక మనిషి ఉప్పు దిగాలని ఇక్కడ చూస్తున్నాను, ఇంకో మనిషి ఒంట్లో ఉప్పు ఈ గంటలోనే ఎక్కుతూ ఉండి ఉంటుంది, ఆమెకు కాలి నుంచి రక్తం తీసి చూసేవాళ్లు లేరు. ఈ మాట ఖైరున్నిసా బీకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె పూసలు ఆపి, "ఏంది బేటీ?" అంది. ఏం లేదు చాచీ అన్నాను.

నూట యాభై ఆరు ఉండాలి. యాభై ఏడైనా పరవాలేదు. నలభైలో ఉంటే తొందరగా పడిపోయినట్టు, లోపల ఉబ్బుతున్నట్టు. అరవై దాటి ఉంటే దిగడం లేదన్నట్టు. పరీక్షలో ఇన్ని మార్కులు కావాలని నేను ఎప్పుడూ అనుకోలేదు, పదో తరగతి పరీక్షే రాయలేదు. నిన్నటి అంకె నూట అరవై నాలుగు, దాని మీద నేను నిద్రపోయాను, కూర్చునే. కలలో షాపు. ఎవరో మీటరు కర్రతో కెజియాను కొలుస్తున్నారు, ఇంకా తక్కువ, ఇంకా తక్కువ అంటున్నారు. లేచేసరికి మెడ పట్టేసింది. తలుపు అవతల యంత్రం కూత వినిపిస్తే అది మా బిడ్డదా పక్క మంచం బిడ్డదా అని చెవులు రెండూ అటే. కూత ఆగితే అది ఎందుకు ఆగింది అని. మోస్రా చర్చిలో అత్తమ్మ ఎప్పుడూ ముందు చాప మీద కూర్చునేది, పాట అందరి కంటే అర క్షణం ఆలస్యంగా అందుకునేది, అందుకని ఆమె గొంతు ఎక్కడున్నా వేరుగా వినిపించేది. కెజియా నా ఒళ్లో ఉండి కూడా ఆ ఆలస్యపు గొంతు కోసం తల తిప్పేది. అప్పుడు నాకు విసుగు. ఆ తల తిప్పడం కోసం ఇప్పుడు నేను ఏమిస్తాను. ఏదైనా ఇస్తాను.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ నన్నే పిలిచింది. లేస్తుంటే కొంగు కుర్చీకి చిక్కింది, ఖైరున్నిసా బీ విడిపించి, "బిస్మిల్లా, పో" అంది. లోపల చలి. సుమేరా మేడం మంచం పక్కనే ఉంది, చేతిలో కాగితం, ముఖంలో ఏమీ లేదు. "నూట యాభై ఏడు. మంచిగ దిగుతుంది, మనం అనుకున్నట్టే" అంది. మంచం చువ్వ పట్టుకున్నాను. దేవా అన్నాను. అంటూ కెజియాను చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. మూడు రోజులకు అది కళ్లు తెరవడం. నల్లగా, పెద్దగా, తడి లేకుండా, పైన ట్యూబ్‌లైట్ వైపు. నేను వంగి, కెజీ, అమ్మా, కెజీ అన్నాను. కళ్లు కదలలేదు. ఇంకా దగ్గరికి వంగాను, నా ఊపిరి దాని చెంపకు తగిలింది. చూపు నన్ను దాటి ఎక్కడో ఉంది. సిస్టర్ చిటికె వేసింది, కెజియా రెప్ప కొట్టింది, అంతే. నేను భయపడింది ఇదే. ఇదిగో, ఇదే. అంకె మంచిదే వచ్చింది, బిడ్డ మాత్రం నన్ను దాటి చూస్తోంది.

మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడే ఏం చెప్పలేను. ఫిట్స్ మందు మత్తు గూడ ఉన్నది. ఇంట్ల పాప ఎవరి దగ్గర ఉంటది ఎక్కువ?" అంది.

నేను దాని దుప్పటి అంచు సర్దాను. "మా అత్తమ్మ దగ్గర."

"ఆమెను పిలిపియ్యి. ఆ గొంతు వినిపియ్యాలె. చిన్న పిల్లలు ముందు ఆ గొంతుకే తిరుగుతరు. తిరిగితే మనకు ధైర్యం. అప్పటిదాంక ఇది ఇట్ల, అది అట్ల అని నేనేం చెప్ప."

బయటికి వచ్చి రాజ్ కిరణ్‌కు ఫోన్ చేశాను. కింద మందుల షాపు దగ్గరున్నాడు. మొత్తం చెప్పాను. "పొద్దుగాల్నుంచి జేస్తున్న నేను. ఎత్తుతలేదు అవ్వ. ఇప్పుడు బందే ఉన్నది" అన్నాడు. ఆ గొంతులో ఇంకేదో ఉంది, నేను అడగలేదు. "బండి మీద పోతున్న, తోల్కొస్త" అన్నాడు, పెట్టేశాడు. కిటికీలోంచి చూశాను, ఎండలో హెల్మెట్ లేకుండా పోతున్నాడు. వర్ని దాటి మోస్రా చేరేసరికి పొద్దు వాలుతుంది. చేరినా ఏం లాభం అని నా మనసు అప్పుడే అడుగుతోంది. ఆయన గొంతు వింటే ఆమె తలుపు తీయదు. ముఖం చూపించవద్దన్న కొడుకుకు ముఖం చూపించకుండా ఉండటమే ఆమె ఇప్పుడు చేస్తున్న పని. తలుపు పగలగొట్టేలోపు ఏమవుతుందో.

ఖైరున్నిసా బీ నన్ను చూసి నా తల తన భుజానికి ఆనించుకుంది. ఆమె చున్నీ అత్తరు వాసన, కింద చెమట వాసన. ఇందాకటి నుంచి ఫోన్‌లో ఒక్క వేలితో రాస్తున్న ఇది, ఇప్పుడు ఆ భుజం మీద తల పెట్టుకునే ముగిస్తున్నాను. మా చర్చి గుంపులో పెడుతున్నాను, షాపు వాళ్ల గుంపులో పెడుతున్నాను, మీరు ఎవరికైనా పంపండి. మీరు ఎవరో నాకు తెలియదు. చందూర్‌లో ఉన్నారో, వర్ని బస్టాండ్‌లో కూర్చుని ఉన్నారో, మోస్రా మీదుగా ఎటైనా పోతున్నారో. దయచేసి ఆ ఇంటికి ఒకసారి పోండి. మెథడిస్టు చర్చి వెనక సందు, నీలం రంగు తలుపు, రేకుల ఇల్లు, ముందు పాత బెల్లం అచ్చులు బోర్లించి ఉంటాయి. శారమ్మా అని పిలవండి. రాజ్ కిరణ్ పంపాడని చెప్పకండి, కెజియా పిలుస్తోందని చెప్పండి. అబద్ధమైనా చెప్పండి, దేవుడు ఒప్పుకుంటాడు. తలుపు తీస్తే ముందు నీళ్లు ఇవ్వండి, కొంచెం కొంచెంగా. తర్వాత ఒక ఆటో పిలిచి నిజామాబాద్‌కు ఎక్కించండి. తీయకపోతే ఎడమ వైపు చిన్న కిటికీ ఉంది, రెక్క సగమే మూసుకుంటుంది. దాంట్లోంచి చూడండి. ఆమె ఇంకా మోకాళ్ల మీదే ఉందా, పక్కకు ఒరిగి ఉందా, అది చూసి ఈ నంబరుకు చెప్పండి.